సంగటి ముద్ద ఎంత ఉండాలి

మా అమ్మకు షుగర్ ఉన్నట్టు తెలిసి పదకొండేళ్ళు అయింది. పలమనేరు దగ్గరి పల్లెలో ఉంటుంది, వయసు డెబ్బై దాటింది. రెండేళ్ళ క్రితం ఆమె హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) 8.4 వచ్చినప్పుడు, చూసిన డాక్టరు గారు మందులు రాసి, ఆహారం గురించి ఒకే ఒక్క మాట చెప్పి పంపారు: "అన్నం మానేసి సంగటి తినండమ్మా." అమ్మ ఆ మాటను వ్రతంలా పట్టుకుంది. బంధువుల పెళ్ళిళ్ళకు వెళ్ళినా విస్తరిలో అన్నం వడ్డించనివ్వలేదు. ఆరు నెలల తరువాత తిరుపతికి పిలిపించి మళ్ళీ పరీక్ష చేయిస్తే 8.9 వచ్చింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె నన్ను అడిగింది: "అన్నం ముట్టనే లేదు గదమ్మా, సంగటే గదా నేను తింటా ఉండేది. ఇంకేం మానేసేది?"

తప్పు తనదేనేమోనని ఆమె ముఖంలో కనిపించిన దిగులు నన్ను చాలా రోజులు వెంటాడింది. నాకూ ఆరేళ్ళుగా టైప్ టూ మధుమేహం ఉంది, ఈ జబ్బు గురించి చదివినంత మరే విషయం గురించీ చదవలేదు, అయినా అమ్మ ప్రశ్నకు ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం ఊరికి వెళ్ళేటప్పుడు వంటింటి తూకం ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం అమ్మ తెడ్డుతో గెలికి, తడి చేత్తో గుండ్రంగా చుట్టి పళ్ళెంలో పెట్టుకున్న ముద్దను తినకముందే తూచాను. 520 గ్రాములు ఉంది. వండేటప్పుడు వేసిన నూకలు, రాగిపిండి లెక్క చూస్తే ఆ ముద్దలో దాదాపు 130 గ్రాముల పొడి ధాన్యం ఉన్నట్టు తేలింది. అందులో మూడో వంతు బియ్యపు నూకలే. పిండిపదార్థంగా లెక్క కడితే ఆ ఒక్క ముద్దలో 90 గ్రాములకు పైగా ఉంది. పక్కన ఊరుబిండి (శెనక్కాయల పచ్చడి) ఒక చెంచాడు, పల్చటి చారు ఒక గరిటె. పొద్దున రాగి జావ, రాత్రికి మళ్ళీ సంగటి. ఆమె బియ్యపు అన్నం మానేసిన మాట నిజమే, కానీ ఆమె రక్తానికి ఆ తేడా పెద్దగా తెలియలేదు.

షుగర్ ఉన్నవాళ్ళకు మన చుట్టూ వినిపించే ఆహార సలహాల్లో నూటికి తొంభై ఈ ఒక్క పొరపాటు మీదే నడుస్తున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక ధాన్యాన్ని తీసేసి దాని స్థానంలో మరో ధాన్యాన్ని పెట్టమంటాం, పళ్ళెంలో ధాన్యం ఎంత ఉందో, దాని పక్కన ఏముందో మాత్రం అడగం. మార్చవలసింది ముద్ద రంగు కంటే ముందు ముద్ద కొలత, దానితో పాటు ముద్దలోకి వడ్డించే కూర కొలత.

ఎందుకో అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు చక్కెర ఉంటుంది కాబట్టి, మొత్తం రక్తంలో కలిపి తిరిగే చక్కెర 5 గ్రాములు మించదు. అంటే ఒక టీ చెంచాడు. 90 గ్రాముల పిండిపదార్థం ఉన్న ముద్దను తిన్నప్పుడు, నోట్లోనూ చిన్న పేగులోనూ ఉండే అమైలేజు వంటి ఎంజైములు ఆ పిండిని దాదాపు మొత్తంగా గ్లూకోజుగా విడగొట్టి, రెండు మూడు గంటల్లో, ఆ ఒక్క చెంచా చక్కెర తిరిగే రక్తంలోకి పద్దెనిమిది చెంచాల చక్కెరను పంపుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో తినడం మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే క్లోమం నుంచి ఇన్సులిన్ ఒక్క పోటున విడుదలై, వచ్చిన చక్కెరను వచ్చినట్టే కండరాలకూ కాలేయానికీ పంపేస్తుంది. టైప్ టూ మధుమేహంలో మొదట దెబ్బతినేవాటిలో ఆ తొలి పోటు ఒకటి. దానికి తోడు కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు. అందుకే ఒకే పళ్ళెం ముందు కూర్చుని ఒకే భోజనం చేసిన ఇద్దరిలో ఒకరికి గంట తరువాత 130, మరొకరికి 260 ఉంటుంది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల చాలామంది అనవసరంగా తమను తాము నిందించుకుంటారు. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున పరగడుపున షుగర్ ఎక్కువ ఉందని మా బడిలో తోటి ఉపాధ్యాయురాలు ఒకరు ఏడ్చినంత పని చేశారు. మనం నిద్రపోతున్నప్పుడు కూడా మెదడుకు చక్కెర కావాలి కాబట్టి కాలేయం తన నిల్వల నుంచి కొంత కొంత విడుదల చేస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున కొన్ని హార్మోన్లు పెరిగినప్పుడు అది ఇంకొంచెం ఎక్కువ వదులుతుంది. ఇన్సులిన్ మాట వినని కాలేయం అవసరానికి మించి వదులుతుంది. పరగడుపు లెక్కలో ఆహారం పాత్ర ఉంది గానీ, అది నిన్న రాత్రి తిన్న రెండు ఇడ్లీల కంటే నెలల తరబడి కాలేయంలో పేరుకున్న కొవ్వుకు ఎక్కువ సంబంధించినది.

రాగుల మీద నాకు ఏ కోపమూ లేదు. నేను సంగటి తిని పెరిగినదాన్ని. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, కాల్షియం 364 మిల్లీగ్రాములు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, కాల్షియం 8 మిల్లీగ్రాముల లోపు. ఎముకలకైనా పేగులకైనా రాగే మంచిది, సందేహం లేదు. కానీ అదే పట్టికలో పిండిపదార్థం వరుస చూడండి: బియ్యంలో 78 గ్రాములు, రాగుల్లో 67 గ్రాములు. ప్రోటీన్ రెండింటిలోనూ 7, 8 గ్రాముల మధ్యే. తేడా ఉంది, అయితే అది ముద్ద సైజును రెండింతలు చేసుకునే హక్కు ఇచ్చేంత తేడా కాదు. పైగా మనం రాగులను గింజగా తినం, మరలో మెత్తగా పట్టించి పిండిగా తింటాం. పిండి ఎంత మెత్తగా ఉంటే ఎంజైములకు అంత సులువుగా దొరుకుతుంది. గింజ గోడ పగలగొట్టే పనిని మర ముందే చేసి పెడుతుంది.

ఇది నా సొంత ఊహ కాదు. భారత వైద్య పరిశోధన మండలి, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి దేశమంతటా చేసిన పెద్ద సర్వే ఒకటి ఉంది. మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అనీ, దాని అంచున ఉన్నవారు మరో 13.6 కోట్ల మంది అనీ 2023లో చెప్పింది ఆ సర్వేనే. అదే సర్వేలో 18 వేల మందికి పైగా పెద్దవాళ్ళ ఆహారాన్ని వివరంగా పరిశీలించి 2025లో ప్రచురించారు. మన వాళ్ళు తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థం నుంచే వస్తోందని అందులో తేలింది. తెల్ల బియ్యం వంటి శుద్ధి చేసిన ధాన్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తిన్నా, మొత్తం పిండిపదార్థం తగ్గనప్పుడు మధుమేహం ముప్పు తగ్గినట్టు వాళ్ళ లెక్కల్లో కనిపించలేదు. శక్తిలో 5 శాతాన్ని పిండిపదార్థం నుంచి తప్పించి పప్పుల ప్రోటీన్‌కో పాల ప్రోటీన్‌కో ఇచ్చినప్పుడు ముప్పు తగ్గింది. సర్వే కాబట్టి ఇది కార్యకారణాన్ని నిరూపించదు, నిజమే. కానీ అమ్మ పళ్ళెం ముందు కూర్చుని నేను తూకంలో చూసినది, వాళ్ళు దేశం మొత్తం మీద చూసినది ఒకటే.

ఆ తరువాత నా మీద నేనే కొలతలు చూసుకున్నాను. ఒకే ఒక్క మనిషి వేలి చుక్కలు కాబట్టి దీనికి శాస్త్రమనే పేరు పెట్టను, కానీ నాకు కళ్ళు తెరిపించింది ఇదే. 50 గ్రాముల రాగిపిండితో జావ కాచి, మజ్జిగ కలిపి, ఉప్పు వేసుకుని తాగాను. తాగకముందు 118, గంట తరువాత 221. మూడు రోజులు వరుసగా చూసినా అటూ ఇటూ అంతే. మరో వారం దాదాపు అంతే ధాన్యంతో 200 గ్రాముల సంగటి ముద్ద చేసుకుని, ముందుగా ఒక గిన్నెడు తోటకూర తాళింపు తిని, తరువాత పితికిపప్పు (తోలు తీసిన అనప చిక్కుడు గింజల కూర) రెండు పెద్ద గరిటెలు వేసుకుని ముద్ద తిన్నాను. ముందు 122, గంట తరువాత 163. ధాన్యం అదే, పిండి అదే, నా ఒళ్ళు అదే. జావ ద్రవం కాబట్టి కడుపులో ఆగకుండా పేగులోకి జారిపోతుంది. ముద్దతో పాటు ప్రోటీన్, పీచు, కొంచెం నూనె ఉన్నప్పుడు కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పేగు నుంచి వెలువడే జిఎల్‌పి వన్ అనే హార్మోను ఇన్సులిన్‌ను ముందుగా సిద్ధం చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు పొద్దున్నే గ్లాసెడు జావ మందులా పనిచేస్తుందని చెప్పేవారిని దయచేసి ఒక్కసారి తాగిన గంటకు వేలు పొడిచి చూసుకోమంటాను.

తినే వరుస గురించి కూడా మంచి ఆధారం ఉంది. 2015లో న్యూయార్కులో టైప్ టూ మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వేర్వేరు రోజుల్లో రెండు వరుసల్లో పెట్టి చూశారు. ఒకరోజు రొట్టె, పళ్ళరసం ముందు, కూరగాయలు, కోడిమాంసం తరువాత. మరో రోజు కూరగాయలు, మాంసం ముందు, పావుగంట తరువాత రొట్టె. పిండిపదార్థం చివర్లో తిన్న రోజు అరగంటకు 29 శాతం, గంటకు 37 శాతం, రెండు గంటలకు 17 శాతం చక్కెర తక్కువగా ఉంది. పదకొండు మంది చిన్న సంఖ్యే, అయినా దీన్ని ఇంట్లో పరీక్షించుకోవడానికి పైసా ఖర్చు లేదు. మనకు ఉన్న ఇబ్బంది అలవాటులోనే ఉంది. మొదటి ముద్దే అన్నంతో కలిపి నోట్లో పెట్టుకునే వాళ్ళం మనం, వట్టి కూర తినేవాణ్ణి చూస్తే ఇంట్లో పెద్దవాళ్ళు "కూరంతా వాడే తినేస్తే మిగతావాళ్ళకు ఏముంటుంది?" అంటారు. కూరను అన్నం గొంతు దిగడానికి ఉపయోగపడే వస్తువుగా చూసినంత కాలం షుగర్ మన ఇళ్ళలో తగ్గదు.

నిజానికి చిత్తూరు వంటిల్లు ఈ విషయంలో చాలా భాగ్యమున్నది, ఆ భాగ్యాన్ని మనమే పక్కన పెట్టాం. మార్గశిరం నుంచి సంక్రాంతి దాటేదాకా అనపకాయలు వస్తాయి. అమ్మ రాత్రి గింజలు వొలిచి నీళ్ళలో నానబెడుతుంది. పొద్దున నీళ్ళపొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కొద్దిగా నొక్కుతుంది. తోలు ఆమె వేళ్ళలో మిగిలిపోతుంది, లేత పచ్చటి పప్పు టక్కున ఎగిరి ఎదురుగా ఉన్న గిన్నెలో పడుతుంది. గిన్నెడు పప్పుకు గంట పైనే పడుతుంది, వేళ్ళు జిగురెక్కి ముడతలు పడతాయి. ఎండు అనపగింజల్లో దాదాపు ఐదో వంతు ప్రోటీన్ ఉంటుంది. తోలు తీసేయడం వల్ల పీచు కొంత పోతుంది కాబట్టి, షుగర్ లెక్కలో చూస్తే తోలుతో ఉడికించిన అనపగింజల పులుసు పితికిపప్పు కంటే మేలు. అయినా అమ్మ పితికిన పప్పును వద్దనే శక్తి నాకు లేదు, వద్దనవలసిన అవసరమూ లేదు. ఒకప్పుడు ఎద్దులకు ఉడికించి పెట్టిన ఉలవల్లో ఐదో వంతుకు మించి ప్రోటీన్ ఉంది. వాటి పిండి నెమ్మదిగా అరుగుతుంది. మనం ఉలవలను ఉడికించి, కట్టును చారు పెట్టుకుని గుగ్గిళ్ళను పశువులకు వేస్తాం. గుగ్గిళ్ళే తినవలసింది. అలసందలు, శనగలు, శెనక్కాయలు, పెరుగు, కోడిగుడ్డు, ఇవన్నీ మన సంతలో దొరికేవే. శెనక్కాయలతో ఊరుబిండి చేసుకోవచ్చు, కాకపోతే చెంచాడు ఊరుబిండిని కూరగా లెక్కపెట్టకూడదు.

బియ్యం రకాల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. తిరుపతి అంగళ్ళలో "షుగర్ బియ్యం" అని బోర్డు పెట్టి అమ్మే సంచుల్లో తరచుగా కనిపించేది ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా. దాని గ్లైసీమిక్ సూచీ 51 చుట్టుపక్కల ఉన్నట్టు కొలిచారు, అంటే గ్లూకోజు తిన్నప్పుడు పెరిగేదాన్ని 100 అనుకుంటే ఈ బియ్యంలో అంతే పిండిపదార్థానికి దాదాపు సగం పెరుగుతుంది. మంచి బియ్యమే. కానీ టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ఈ సూచీని ప్రవేశపెట్టినప్పుడు అది సమానమైన కొలతను సమానమైన కొలతతో పోల్చే పద్ధతి. "షుగర్ బియ్యమే కదా" అని రెండోసారి వడ్డించుకున్న మరుక్షణం ఆ సూచీ మనకు ఉపయోగపడదు. చపాతీల సంగతీ అంతే. 30 గ్రాముల పిండితో చేసిన ఒక్కో చపాతీలో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, రాత్రికి నాలుగు తింటే 80 గ్రాములు, దాదాపు 285 గ్రాముల అన్నంతో సమానం. బెల్లం గురించి ఎక్కువ చెప్పను: చిత్తూరు బెల్లమైనా అందులో ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉన్నదీ సుక్రోజే.

శ్రీవారి లడ్డు విషయం వేరు. తిరుపతిలో ఉండే ఇంటికి ఎవరో ఒకరు ప్రసాదం తెస్తూనే ఉంటారు, దాన్ని వద్దనడం నాకు చేతకాదు, చేయను కూడా. కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటాను, మిగిలినది పిల్లలకూ పక్కింటివాళ్ళకూ పంచుతాను. ప్రసాదం అంటే మొదటి నుంచీ చిటికెడే కదా, డబ్బాలో దాచుకుని వారమంతా తినడం మనం తరువాత నేర్చుకున్నది.

నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం వేరే ఉంది. మా అమ్మ ఆ రోజు కూర అంత తక్కువ వేసుకోవడానికి కారణం రుచి కాదు. ఇంట్లో నాన్నకు, తమ్ముడికి, పనికి వచ్చిన ఇద్దరు మనుషులకు వడ్డించాక గిన్నెలో మిగిలింది అంతే. కూర చివరికి ఎప్పుడూ తగ్గుతుంది, అన్నమో సంగటో మిగులుతుంది. మిగిలిన ముద్దను పారేయలేక తినేది వండిన మనిషి. నేను ఉద్యోగం చేస్తూ, జీతం తెస్తూ కూడా ఏళ్ళ తరబడి ఇదే చేశాను. పిల్లల డబ్బాల్లో కూర సర్దాక నా డబ్బాలోకి పెరుగన్నం, ఊరగాయ బద్ద మిగిలేవి. షుగర్ ఉన్న ఆడమనిషికి "మీరు కూర ఎక్కువ తినండి" అని చెప్పే డాక్టరు, ఆ కూర ఎన్నో వంతులో ఆమెకు వస్తుందో కూడా అడగాలి. అందుకే షుగర్ ఉన్న మనిషికి వేరే వంట అనే పద్ధతిని నేను ఒప్పుకోను. వేరే వంట నాలుగు రోజులు సాగుతుంది, ఐదో రోజు వండే మనిషికి ఓపిక ఉండదు, ఆ మనిషే రోగి అయితే మరీ ఉండదు. ఇంటిల్లిపాదికీ పప్పు కొలత పెరగాలి, బియ్యం కొలత తగ్గాలి. మా ఇంట్లో నలుగురికి పూటకు మూడు గ్లాసుల బియ్యం పోసేదాన్ని, ఇప్పుడు రెండు పోస్తున్నాను, కందిపప్పూ కూరగాయలూ రెట్టింపు చేశాను. మా ఆయన మొదటి పది రోజులు ఆకలి తీరలేదన్నారు, తరువాత ఆ మాట మానేశారు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పకుండా రాయాలి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా ముద్దను ఒక్కసారిగా సగం చేయకూడదు, ఎందుకంటే మనం భోజనం చేసినా చేయకపోయినా ఆ మందు చక్కెరను దించుతుంది. తమిళ నెల పెరటాసి శనివారాల్లో ఒక్కపొద్దు ఉండి, పొద్దున మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుని, మధ్యాహ్నానికి చెమటలు పట్టి, చేతులు వణికి పడిపోయిన పెద్దావిడను నేను మా వీధిలోనే చూశాను. చక్కెర 70 కంటే దిగితే ఆ క్షణంలో ఉపవాసం పక్కన పెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంటకు మళ్ళీ చూసుకోవాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారు పప్పుల కొలతను కూడా డాక్టరును అడిగే పెంచుకోవాలి.

మందులు మానేయమని ఎవరికీ చెప్పను. కానీ ఆహారానికి ఎంత శక్తి ఉందో తెలియకపోవడం కూడా నష్టమే. బ్రిటన్‌లో ఆరేళ్ళ లోపు టైప్ టూ మధుమేహం ఉన్న 306 మందితో చేసిన డైరెక్ట్ అనే పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో మూడు నుంచి ఐదు నెలలు, అదీ వైద్యుల పర్యవేక్షణలో, ఉంచిన బృందంలో 46 శాతం మందికి ఏడాది చివర మందులు లేకుండానే హెచ్‌బిఎ1సి 6.5 కంటే తక్కువ ఉంది. రెండేళ్ళకు అది 36 శాతానికి తగ్గింది. అంత కఠినమైన ఆహారం మా అమ్మ వయసువాళ్ళకు పనికిరాదు, నేనూ చేయలేదు. జబ్బు కొత్తగా వచ్చిన నలభై ఏళ్ళ వాళ్ళు మాత్రం మొదటి ఏడాదిలోనే ఈ సంగతి తమ డాక్టరును అడగాలని నా మనవి. నాకు ఆ మొదటి ఏడాదిలో ఎవరూ చెప్పలేదు.

అమ్మ కోసం ఊళ్ళో మేము చేసిన మార్పు చాలా చిన్నది. సంగటిని చేత్తో చుట్టడం మాన్పించి, తడిపిన చిన్న స్టీలు గిన్నెలో నొక్కి పళ్ళెంలో బోర్లించమన్నాను. ఆ గిన్నెలో 200 గ్రాములే పడుతుంది. నూకలు తగ్గించాం. జావ మాన్పించి పొద్దున ఉలవల గుగ్గిళ్ళో, ఒక గుడ్డూ ఒక దోసెనో పెట్టమన్నాం. కూర వండగానే ఆమె వంతు ముందే వేరే గిన్నెలో తీసి మూత పెట్టే బాధ్యత తమ్ముడిది. రాత్రి తిన్నాక ఇంటి నుంచి చెరువుకట్ట దాకా నడిచి వస్తుంది. మందు మారలేదు. ఎనిమిది నెలలకు 8.9 కాస్తా 7.4 అయింది.

పోయిన సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పీట మీద కూర్చుని పప్పు పితుకుతోంది. గిన్నె నిండిపోయి ఉంది. ఇంత ఎందుకమ్మా అని అడిగాను. "నాకూ వాళ్ళకూ సరిపోవల్ల గదా" అని, పక్కన నానబెట్టిన గింజల గిన్నెను నా వైపు జరిపింది.